కంప్యూటర్‌లో పక్కన, ఫోన్‌లో అడుగున: విడ్జెట్లతో సైటు సర్దుకోవడం వెనక లెక్క

ఆత్రేయపురం వైపు ఇంట్లోనే పూతరేకులు చుట్టి కొరియర్‌లో పంపించే ఒక కుటుంబం సైటు పెట్టుకుందనుకోండి. చుట్టాల కుర్రాడెవరో రెండ్రోజులు కూర్చుని వర్డ్‌ప్రెస్ అనే సైట్లు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో చేసిపెట్టాడు, కుడిపక్కన పైనే ఫోన్ నంబరు, దాని కింద వాట్సాప్ లింకు, దాని కింద రేట్లు, లాప్‌టాప్‌లో చూస్తే ముచ్చటగా ఉంది. సంక్రాంతి ముందు హైదరాబాద్‌లో ఒకావిడ ఫోన్‌లో ఆ సైటు తెరిచింది. బెల్లం రేకుల ఫోటో, పంచదార రేకుల ఫోటో, డ్రైఫ్రూట్ రేకుల ఫోటో, బోర్లించిన కుండ మీద నుంచి రేకు తీస్తున్న ఫోటో, అలా వేలితో తోసుకుంటూ పోతే ఎంతకీ నంబరు రాలేదు. ఉంది, కానీ ఇరవై రెండో ఫోటో దాటాక పేజీ అట్టడుగున ఉంది. ఆవిడ ఈలోపు ఇంకో షాపుకి ఫోన్ చేసేసింది. కుర్రాడు తప్పేం చెయ్యలేదు, విడ్జెట్ పెట్టాల్సినట్టే పెట్టాడు, కాకపోతే అది కూర్చున్న చోటు ఫోన్‌లో ఎక్కడికి పోతుందో చూసుకోలేదంతే.

విడ్జెట్లతో కోడింగ్ రాకుండానే సైటు మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు అని అందరూ చెప్తారు. సగం నిజం. విడ్జెట్ అంటే ఎవరో ముందే తయారుచేసి పెట్టిన చిన్న పెట్టె: సెర్చ్ బాక్సు, కొత్త పోస్టుల లిస్టు, ఫోటో, మెనూ, మ్యాపు, ఇలా ఒక్కో పెట్టెకి ఒక్కో పని. గూగుల్ వాళ్ళ బ్లాగర్‌లో దీన్నే గాడ్జెట్ అంటారు, లేఅవుట్ పేజీలోకెళ్ళి యాడ్ ఎ గాడ్జెట్ నొక్కితే వచ్చేది అదే, తమాషా ఏంటంటే అదే బ్లాగర్ టెంప్లేట్ కోడ్ తెరిచి చూస్తే లోపల దాని పేరు మళ్ళీ విడ్జెట్ అనే ఉంటుంది. ఏ పెట్టె తేవాలో, ఏది ముందు ఏది వెనకో మీ ఇష్టం. పెట్టెలు పెట్టుకోడానికి అరలు ఎన్ని, అవి ఎక్కడెక్కడ, ఎంత వెడల్పు అనేది మాత్రం మీ ఇష్టం కాదు, అది థీమ్, అంటే సైటు రూపురేఖల అచ్చు, చేసినవాళ్ళు ఎప్పుడో తేల్చేసి ఉంటారు. ఈ అరలనే విడ్జెట్ ఏరియాలంటారు.

డెల్టాలో ఉన్నవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యి కాలువలు పారిన దగ్గర్నుంచీ ఇక్కడి రైతు కాలువ ఎటు పోవాలో తను గీసుకోలేదు, కాలువ వచ్చిన దారిలో తన చేను ఎక్కడుందో చూసుకుని, బోదె దగ్గర తూము ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చూసుకున్నాడు. థీమ్ కాలువైతే విడ్జెట్ ఏరియా తూము. తూము లేనిచోట గట్టు మీద కూర్చుని ఎంత లాగినా చుక్క రాదు, అలాగే థీమ్‌లో హెడర్ (పేజీ నెత్తిన ఉండే పట్టీ) పక్కన ఏరియా లేకపోతే అక్కడికి ఏ విడ్జెట్నీ లాగి పెట్టలేం. సగంమంది తల పట్టుకునేది ఇక్కడే, "డ్రాగ్ చేస్తున్నాను గానీ అక్కడ పడట్లేదు" అని.

వర్డ్‌ప్రెస్ వాళ్ళు సొంతంగా ఇచ్చే థీమ్‌లే చూడండి. ట్వంటీ సెవెంటీన్‌లో మూడు ఏరియాలు, ఒకటి బ్లాగ్ సైడ్‌బార్ (పక్క పట్టీ), రెండు ఫుటర్‌లో (పేజీ అడుగు పట్టీలో). ట్వంటీ ట్వంటీకి వచ్చేసరికి రెండే, రెండూ ఫుటర్‌లోనే. ట్వంటీ ట్వంటీ వన్‌లో ఒక్కటంటే ఒక్కటి. ఇంకో మెలిక, ట్వంటీ సెవెంటీన్‌లో ఆ సైడ్‌బార్ పోస్టుల దగ్గరా, పోస్టుల జాబితాలుండే ఆర్కైవ్ పేజీల దగ్గరా మాత్రమే కనిపిస్తుంది, మామూలు పేజీల్లో రాదు. అంటే 'మా గురించి', 'రేట్లు', 'సంప్రదించండి' లాంటి పేజీలతో సైటు చేసుకున్న చిన్న షాపు ఆ సైడ్‌బార్‌లో ఏం పెట్టినా ఆ పేజీల్లో దాని జాడే ఉండదు. విడ్జెట్ చెడిపోయిందనుకుని దాన్నే నాలుగుసార్లు తీసి పెట్టేవాళ్ళు ఉంటారు, పాపం. కాబట్టి థీమ్ ఎంచుకునేటప్పుడు డెమోలో కనిపించే పెద్ద ఫోటోలకి మురిసిపోకుండా ఏరియాలు ఎన్ని, ఏయే పేజీల్లో వస్తాయి అని చూడాలి, నిజానికి లేఅవుట్ అనేది అక్కడే ఖరారైపోతుంది, తర్వాత చేసేదంతా సర్దుడే.

అలాగని ఈ సర్దుడు చిన్న సుఖం కాదు. 2007 మేలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 2.2తో విడ్జెట్లు అసలు సాఫ్ట్‌వేర్‌లో భాగమయ్యాయి, అంతకుముందు అది విడిగా వేసుకోవాల్సిన ప్లగిన్, అంటే వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే అదనపు ముక్క. అదీ లేనివాళ్ళు సైడ్‌బార్‌లో ఒక లింకు మార్చాలంటే థీమ్ ఫైలు తెరిచి పీహెచ్‌పీ కోడ్ మధ్యలో చెయ్యి పెట్టాల్సిందే, పొరపాటున ఒక సెమీకోలన్ చెరిగిందా, మొత్తం సైటు తెల్లకాగితం. 2014లో వచ్చిన 3.9 నుంచి సైటు రూపు మార్చుకునే కస్టమైజర్ పేజీలో పెడుతూనే పక్కన ఎలా కనిపిస్తుందో చూసుకునే వీలొచ్చింది. పెట్టిన విడ్జెట్ల సంగతులన్నీ థీమ్ ఫైళ్ళలో కాకుండా డేటాబేస్‌లో ఉంటాయి, అందుకే థీమ్‌కి అప్‌డేట్ వచ్చినా మీ నంబరు, మీ రేట్లు ఎక్కడికీ పోవు, థీమ్ ఫైలులో నేరుగా రాసుకున్నవాళ్ళకైతే అప్‌డేట్ రాగానే అంతా తుడిచిపెట్టుకుపోయేది.

ఇప్పుడు మళ్ళీ పూతరేకుల సైటు దగ్గరికి వద్దాం, అసలు సంగతి అక్కడే ఉంది. బ్రౌజర్‌కి వెబ్ పేజీ అంటే పైనుంచి కిందకి రాసుకొచ్చిన ఒక పొడుగు లిస్టు. మామూలుగా అందులో ముందు హెడర్, తర్వాత అసలు విషయం, ఆ తర్వాత సైడ్‌బార్, చివర్లో ఫుటర్. లాప్‌టాప్ తెర వెడల్పుగా ఉంటుంది గనక థీమ్‌లోని సీఎస్‌ఎస్ (ఏది ఎక్కడ, ఎలా కనపడాలో చెప్పే కోడ్) అసలు విషయాన్ని ఎడమవైపు, సైడ్‌బార్‌ని కుడివైపు నిలబెడుతుంది, మనకి రెండూ పక్కపక్కన ఉన్నట్టు కనపడతాయి. ఫోన్‌లో బ్రౌజర్ లెక్కలో వెడల్పు చాలావాటికి 360 నుంచి 430 పిక్సెళ్ళే, అందులో 300 పిక్సెళ్ళ సైడ్‌బార్‌ని పక్కన నిలబెడితే అసలు విషయానికి వేలెడు జాగా కూడా మిగలదు. అందుకని తెర వెడల్పు ఇంతకంటే తగ్గితే పక్కపక్కన పెట్టడం మానేసి వరస ప్రకారం ఒకదాని కింద ఒకటి పేర్చు అని థీమ్‌లో ముందే రాసుంటుంది. వరస ప్రకారం అంటే సైడ్‌బార్ ఎక్కడికి పోతుంది, అసలు విషయం మొత్తం అయ్యాక. ఇరవై రెండు ఫోటోలుంటే ఇరవై రెండు ఫోటోల తర్వాత.

దీన్నిబట్టి విడ్జెట్ ఏరియాల విలువ తిరగబడిపోతుంది. లాప్‌టాప్‌లో సైడ్‌బార్ పైభాగం బజార్లో మూలషాపు లాంటిది, ఫోన్‌లో అదే చోటు ఊరి చివర. ఇలాంటి సైటు తెరిచేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లోనే తెరుస్తారు, పూతరేకులు తెప్పించుకోడానికి ఎవరూ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చోరు. కాబట్టి ఫోన్ నంబరుకి సైడ్‌బార్ తగిన చోటు కాదు, హెడర్‌లో ఏరియా ఉంటే అందులో, లేకపోతే మెనూలో ఒక లింకుగా, అదీ కుదరకపోతే పేజీ మొదట్లోనే మొదటి ఫోటో పైన ఒక బటన్‌గా. సైడ్‌బార్‌లో ఉండాల్సినవి ఆలస్యంగా కనిపించినా నష్టం లేనివి, పాత పోస్టులు, కేటగిరీలు, ఊరి ఫోటోలు. పెట్టాక ఫోన్‌లో ఎలా వచ్చిందో చూసుకోడానికి ఫోనే అక్కర్లేదు, క్లాసిక్, అంటే పాత రకం థీమ్‌లలో కస్టమైజర్ అడుగున కంప్యూటరు, టాబ్లెట్, ఫోన్ బొమ్మలు మూడుంటాయి, ఫోన్ బొమ్మ నొక్కితే తెర సన్నమైపోయి చూపిస్తుంది, 2016 నుంచీ ఉంది ఇది, చాలామంది కన్ను దాని మీద పడదు.

వాట్సాప్ బటన్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడి వ్యాపారాలకి ఆర్డర్ ఫారం కంటే అదే పనికొస్తుంది. దానికి ప్లగిన్ ఏం అక్కర్లేదు, వాట్సాప్ వాళ్ళే ఇచ్చే క్లిక్ టు చాట్ లింకు చాలు, బటన్‌కో ఫోటోకో ఆ లింకు తగిలిస్తే అయిపోతుంది. లింకులో నంబరు 91తో మొదలై తర్వాత పది అంకెలు రావాలి, ముందు ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు. కరపత్రంలో వేసినట్టు ముందు సున్నా పెట్టి రాస్తే బటన్ నొక్కినవాళ్ళకి నంబరు చెల్లదని వస్తుంది, షాపువాళ్ళకేమో నొక్కినట్టే తెలీదు.

పెట్టాల్సినవాటికంటే తియ్యాల్సినవి ఎక్కువ, అదే ఎవరూ చెప్పరు. వర్డ్‌ప్రెస్ కొత్తగా వేసుకుని పాత రకం థీమ్ పెట్టుకుంటే కొన్ని విడ్జెట్లు అవే వచ్చి కూర్చుంటాయి, సెర్చ్, రీసెంట్ పోస్ట్స్, రీసెంట్ కామెంట్స్, ఆర్కైవ్స్, కేటగిరీస్. పాత సైట్లలో మెటా అని ఇంకోటి, అందులో లాగిన్ లింకూ వర్డ్‌ప్రెస్ వాళ్ళ సొంత సైటు లింకూ ఉంటాయి, కొబ్బరికాయల వ్యాపారి సైటులో అవి ఎవరికోసమో తెలీదు. రీసెంట్ కామెంట్స్‌లో 'హలో వర్ల్డ్' అనే నమూనా పోస్టు మీద వర్డ్‌ప్రెస్ కామెంటర్ రాసిన నమూనా కామెంటు ఏళ్ళ తరబడి వేలాడుతూ ఉంటుంది, గృహప్రవేశం అయ్యాక కూడా గుమ్మం మీద కాంట్రాక్టర్ బోర్డు ఉన్నట్టు. ఇంకా సరదా క్యాలెండర్ విడ్జెట్‌ది. పేరు చూసి పండగలో, బుకింగ్ తేదీలో చూపిస్తుందనుకుని దిండి వైపు గదులు అద్దెకిచ్చేవాళ్ళు పెట్టుకున్నారనుకోండి, అది చూపించేది ఏ తేదీన పోస్టు వేశారన్నది మాత్రమే. ఏడాదికి రెండు పోస్టులు వేసే సైటులో అది ఖాళీ గళ్ళ కాగితం. వచ్చినాయన ఆ గళ్ళు చూసి గదులన్నీ ఖాళీ అనుకుంటాడో, అన్నీ నిండిపోయాయి అనుకుంటాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇక బయటనుంచి తెచ్చి అతికించే విడ్జెట్ల సంగతి, ఇది కొంచెం జాగ్రత్తగా చదవాలి. కోడింగ్ లేకుండా అంటారు గానీ కస్టమ్ హెచ్‌టీఎమ్ఎల్ అనే విడ్జెట్‌లో చేసేది కోడ్ అతికించడమే, రాసింది మనం కాదు, అంతే తేడా. ఆ అతికించేది రెండు రకాలు. ఒకటి ఐఫ్రేమ్, గూగుల్ మ్యాప్స్‌లో షేర్ నొక్కి ఎంబెడ్ తీసుకుంటే వచ్చేది అదే, మన పేజీలో కిటికీ కోసి అవతలి సైటుని ఆ కిటికీలోంచి చూపించడం లాంటిది, అవతలివాళ్ళు ఆ కిటికీ దాటి మన ఇంట్లోకి రాలేరు. రెండోది స్క్రిప్ట్, అంటే మన పేజీలోనే నడిచే చిన్న ప్రోగ్రాం, అది అలా కాదు, ఒకసారి అతికిస్తే మన పేజీలో ఏ మూలకైనా పోగలదు, ఏ రాతనైనా మార్చగలదు, ప్రకటనలు పెట్టగలదు, ఫారంలో జనం టైప్ చేసింది చదవగలదు. ఈరోజు మంచిగా ఉన్న స్క్రిప్ట్ రేపు ఆ కంపెనీ చేతులు మారితే ఇంకోలా మారొచ్చు, మనం మళ్ళీ ఏం అతికించక్కర్లేదు. 'ఇప్పటిదాకా ఇంతమంది చూశారు' అని చూపించే ఫ్రీ కౌంటర్లు, మంచు కురిపించేవి, దీపావళికి దీపాలు ఊగించేవి, వీటికోసం ఇంటి తాళాలు ఇవ్వడం శుద్ధ దండగ. ముక్కూ మొహం తెలీని చోటు నుంచి తెచ్చిన స్క్రిప్ట్ కంటే ఒక ఫోటో, దానికో లింకు, ఎప్పుడూ నయం.

బరువు సంగతి కూడా ఉంది. కడియపులంక వైపు నర్సరీ సైటు ఊహించుకోండి, మొక్కల ఫోటోలు ఎలాగూ తప్పవు, వాటికి తోడు హోమ్ పేజీలోనే మ్యాపు, ఫేస్‌బుక్ పేజీ పెట్టె, రెండు యూట్యూబ్ వీడియోలు, చాట్ బుడగ. ఇవి ఒక్కోటీ తమ తమ సర్వర్ల నుంచి తమ స్క్రిప్టులు దింపుకుంటాయి. విడిగా చూస్తే ఏదీ నేరం కాదు, అన్నీ కలిసి ఫోన్‌ని కూలేస్తాయి. గూగుల్ దీన్ని కొలవడానికి మూడు కొలతలు పెట్టుకుంది: పేజీలో పెద్ద బొమ్మో రాతో కనపడటానికి పట్టే టైము 2.5 సెకన్ల లోపు ఉండాలి, నొక్కినదానికి పేజీ కదలడానికి 200 మిల్లీసెకన్ల లోపు పట్టాలి, పేజీ ఎగిరిపడటం 0.1 దాటకూడదు. ఈ మూడోది విడ్జెట్ల ప్రత్యేకత. ఫేస్‌బుక్ పెట్టె ఆలస్యంగా వస్తుంది, వచ్చేదాకా దాని చోటు ఎవరూ ఆపి ఉంచరు, ఈలోపు మనిషి 'గులాబీ రేట్లు' నొక్కబోతాడు, సరిగ్గా అప్పుడు పెట్టె దిగి పేజీ కిందకి జారుతుంది, వేలు పోయి ఇంకెక్కడో పడుతుంది. ఎత్తు ముందే చెప్పగలిగే విడ్జెట్ అయితే ఆ ఎత్తు అంకెల్లో ఇచ్చెయ్యాలి, ఐఫ్రేమ్‌లో హైట్ అని ఉండేది అందుకే, దాన్ని చెరపకూడదు. వీడియోకైతే మొదటి పేజీలో దాని ఫోటో పెట్టి నొక్కితే యూట్యూబ్‌కి పోయేలా చేస్తే చాలు. మ్యాపు సంప్రదించండి పేజీలో ఉంటే సరిపోతుంది, మొక్కలు కొనే లారీ మనిషి హోమ్ పేజీలో మ్యాపు వెతకడు.

తెలుగులో సైటు పెట్టుకునేవాళ్ళకి ఇంకో చిక్కు, ఇంగ్లీషులో రాసుకునేవాళ్ళకి ఇది కనపడనే కనపడదు. చాలా థీమ్‌లలో హెడింగుల వరసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేట్టు బిగించి పెడతారు. మన షాపు పేరు 'శ్రీ లక్ష్మీ' అని మొదలైతే, పైన గుడులు, కింద వత్తులు, ఆ బిగువులో కింద వత్తు సగం తెగిపోతుంది, లేదా కింది వరస గుడి మీదకి ఎక్కేస్తుంది. సన్నటి సైడ్‌బార్‌లోనూ బటన్ల మీదా మన పొడుగు మాటలు ఇమడవు, 'ఆర్డర్ చేయడానికి ఇక్కడ నొక్కండి' అని రాస్తే బటన్ మూడు వరసలై బండరాయిలా తయారవుతుంది, 'ఆర్డర్ చెయ్యండి' చాలు. వరసల ఎడం మార్చడం కొత్త బ్లాక్ థీమ్‌లలో (పేజీ మొత్తం బ్లాకులనే ముక్కలతో కట్టుకునేవి) తేలిక, టైపోగ్రఫీలో లైన్ హైట్ అనే గడి ఉంటుంది, 1.5కో 1.6కో పెంచితే వత్తులు ఊపిరి పీల్చుకుంటాయి. పాత థీమ్‌లలో ఆ గడి లేకపోతే అడిషనల్ సీఎస్‌ఎస్‌లో ఒక్క లైను రాయాలి. అవును, ఆ ఒక్క లైను కోడే, తప్పదు.

కొత్త బ్లాక్ థీమ్‌లు అన్నాం కదా, విడ్జెట్ల కథ అక్కడ మలుపు తిరిగింది. 2018 డిసెంబర్‌లో వచ్చిన 5.0తో పోస్టులు రాసే చోట బ్లాకులు వచ్చాయి, 2021 జూలైలో 5.8తో విడ్జెట్ల పేజీ కూడా బ్లాకుల పేజీ అయిపోయింది, అలవాటైన పెట్టెలు మాయమై చాలామంది గాభరాపడ్డారు, పాత పేజీయే కావాలన్నవాళ్ళకోసం క్లాసిక్ విడ్జెట్స్ అనే ప్లగిన్ ఇచ్చారు, లక్షల సైట్లు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. 2022 జనవరిలో 5.9తోపాటు వచ్చిన ట్వంటీ ట్వంటీ టూ థీమ్‌లో అసలు విడ్జెట్ల మెనూయే లేదు. సైట్ ఎడిటర్ అని ఒకటొచ్చింది, అందులో హెడర్, ఫుటర్, పక్క కాలమ్ ఏదైనా మీరే గీసుకోవచ్చు, మన పోలికలో అయితే తూము కాదు, కాలువే మీ చేతికిచ్చారు. మంచిదే, కానీ కాలువ చేతికొస్తే గండి కొట్టుకునే వీలు కూడా వస్తుంది. హెడర్‌లో ఒక బ్లాకు తీసేస్తే అది అన్ని పేజీల్లోనూ పోతుంది. చిన్న షాపుకి, నెలకోసారి రేట్లు మార్చుకోవడం తప్ప ఇంకేం పనిలేని సైటుకి, సరైన ఏరియాలున్న పాత రకం థీమే హాయి.

ఎలిమెంటర్ లాంటి పేజీ బిల్డర్లలో కూడా లాగి పెట్టే ముక్కల్ని విడ్జెట్లనే అంటారు, కానీ అవి వేరే కులం, సైడ్‌బార్‌తో పనిలేకుండా పేజీ మధ్యలో ఎక్కడైనా కూర్చుంటాయి. సుఖంగానే ఉంటుంది, ఆ ప్లగిన్ ఉన్నంతకాలం. దాన్ని ఆపేస్తే రాతా ఫోటోలూ మిగులుతాయి, అమరిక చెదిరిపోతుంది, పందిరి తీసేసిన పెళ్ళింట్లో కుర్చీలు ఎక్కడివక్కడ పడున్నట్టు.

థీమ్ మార్చినప్పుడు మామూలు విడ్జెట్లకీ ఇలాంటి గండమే అనుకుని భయపడతారు, అంత లేదు. పాత థీమ్‌లో ఉన్న ఏరియాకి సరిపడేది కొత్తదాంట్లో ఉంటే అవే అక్కడికి చేరతాయి, చోటు దొరకనివి ఇనాక్టివ్ విడ్జెట్స్ అనే గదిలోకి పోయి కూర్చుంటాయి, లోపల రాసుకున్నదంతా అలాగే ఉంటుంది. ఈ గదిని థీమ్ మార్చినప్పుడే కాదు, మామూలు రోజుల్లోనూ వాడుకోవచ్చు. 'సంక్రాంతి ఆర్డర్లు తీసుకుంటున్నాం, ఫలానా తేదీలోపు చెప్పండి' అని పెట్టిన విడ్జెట్ ఏప్రిల్‌లో కూడా సైటులో కనిపిస్తుంటే కొట్టు మూసేశారేమో అనుకుంటారు జనం. అలాగని డిలీట్ కొట్టక్కర్లేదు, పండగ అయిన మర్నాడు దాన్ని ఇనాక్టివ్‌లోకి లాగేస్తే సైటులో కనపడదు, ఫోటో, రాత, లింకు అన్నీ లోపల భద్రం. మళ్ళీ డిసెంబర్ చివర్లో బయటికి లాగి తేదీ ఒక్కటీ మార్చుకుంటే చాలు.